మురుగు కాలువ బూజు

ఆవుకు పొదుగువాపు వచ్చినప్పుడు పశువైద్యుడు వేసే సూదిమందుల్లో ‘సెఫ్’ అని మొదలయ్యే పేర్లు మీరు చూసే ఉంటారు. ఆ మందుల పుట్టుక ఒక మురుగు కాలువ దగ్గర.

ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో కాల్యారి అనే రేవు పట్టణమున్నది. అక్కడ టైఫాయిడ్ జ్వరం అప్పట్లో తరచు వచ్చేది. అయితే ఊరి మురుగు సముద్రంలో కలిసేచోట ఈతలాడే కుర్రవాళ్ళకు ఆ జబ్బు అంతగా రావటం లేదట. 1945లో జుసెప్పె బ్రోట్జు అనే ఆచార్యుడు ఆ నీళ్ళు తెచ్చి పరీక్షించాడు. అందులో ఒక బూజు దొరికింది. పేరు సెఫలోస్పోరియం. దాని రసం టైఫాయిడ్ క్రిములను చంపింది! రోగులకు ఇచ్చి చూస్తే కొంత గుణమూ కనిపించింది. కాని దాన్ని మందుగా తయారు చేయటానికి సొమ్మేదీ, యంత్రాలేవీ? 1948లో తన ఊళ్ళోనే చిన్న పత్రికలో సంగతి అచ్చువేసి, బూజును ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డుకు పంపించాడు.

అక్కడ ఎడ్వర్డ్ ఏబ్రహాం, గై న్యూటన్ అనేవారు ఏళ్ళ తరబడి దానితో కుస్తీ పట్టారు. 1953లో సెఫలోస్పోరిన్ సి అనే పదార్థం కొద్దిగా చేతికి వచ్చింది. బలం చాలా తక్కువ. మరొకరైతే పారబోసేవారే. కాని అప్పటికే ఆస్పత్రుల్లో కొన్ని క్రిములు పెనిసిలిన్‌ను విరిచి పారేస్తున్నాయి. ఈ పదార్థాన్ని మాత్రం విరవలేకపోయాయి. అసలు విలువ అక్కడున్నది. దాని అణువు నిర్మాణాన్ని డొరొతీ హాడ్జ్‌కిన్ ఎక్స్‌రే కిరణాలతో తేల్చి 1961లో ప్రకటించింది. ఆ అణువుకు చిన్న చిన్న మార్పులు చేసి తయారుచేసిన తొలి మందు 1964లో అంగళ్ళకు వచ్చింది.

సెఫోటాక్సిమ్ అనేది 1980 ప్రాంతంలో వచ్చింది. దాన్ని కూడా విరవగల క్రిములు 1983లోనే జర్మనీలో బయటపడ్డాయి. డాక్టరు అయిదు రోజులంటే మూడో రోజున మానెయ్యవద్దని ఎందుకంటాడో ఇప్పుడు తెలిసింది గదా! సూది పడిన ఆవు పాలు ఆయన చెప్పినన్ని పూటలూ కేంద్రానికి పొయ్యకండి.

ఈ మందుకు పంటల ప్రయోగశాలలో కూడా పనున్నది. మొక్కల మొదళ్ళలో బుడిపెలు పుట్టించే అగ్రోబాక్టీరియం అనే క్రిమి తన జన్యువును మొక్కలో దూరుస్తుంది. శాస్త్రజ్ఞులు దాన్నే బండిగా కట్టుకొని తమకు కావలసిన జన్యువును అందులో వేసి పంపుతారు. 2002లో మన దేశంలో సాగుకు అనుమతి పొందిన బీటీ పత్తిలోకి జన్యువు చేరింది ఈ బండి మీదనే. సరుకు దిగిన తర్వాత బండి ఇంకా వాకిట్లో ఉంటే ఎట్లా? క్రిమి పెరిగిపోయి ఆకుముక్కను కుళ్ళబెడుతుంది. అందుకని ఆకుముక్కలను పెంచే మాధ్యమంలో లీటరుకు 250 నుంచి 500 మిల్లీగ్రాముల వరకు సెఫోటాక్సిమ్ కలుపుతారు. అది క్రిమి గోడను కట్టనివ్వదు. మొక్క కణం గోడ వేరే సరుకుతో కట్టింది, కాబట్టి దానికి ఆ దెబ్బ తగలదు. కొన్ని వారాల్లో ఆ ముక్క అంచున పచ్చని మొలక లేస్తుంది.