బూట్లు తొడుక్కున్న పాదాలు



క్రిస్మస్ సెలవుల్లో నా చిన్ననాటి స్నేహితుడొకడు అమెరికా నుంచి వచ్చి, మన మందిరం చూడాలని పొదిలి దాకా వచ్చాడు. ఒంగోలు హాస్టల్లో నా చాప పక్కన చాప వాడిది. ముప్పై ఏళ్ళ తర్వాత కలిశాం. వాడి కొడుకు వేసుకొచ్చిన బేస్‌బాల్ చొక్కా చుట్టూ మన సండేస్కూలు పిల్లలు మూగిపోయారు. మధ్యాహ్నం కోడికూర తిని, పాత సంగతులన్నీ తవ్వుకుని, కారెక్కబోతూ వాడు నా భుజం తట్టి, "ఒరే, నువ్వేం మారలేదురా" అన్నాడు.

ప్రేమతో అన్న మాటే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు ఆ చొక్కా సంగతి. బేస్‌బాల్ ఆటగాళ్ళకు 1849లో న్యూయార్క్‌లోని నికర్‌బాకర్స్ అనే జట్టు మొదటిసారి ఒక ఏకరూప దుస్తులు నిర్ణయించింది. నీలం ఉన్ని ప్యాంటు, తెల్లటి ఫ్లానెల్ చొక్కా, గడ్డి టోపీ. ఆ ఉన్ని బట్ట అలాగే ఉండిపోయింది. ఎండాకాలంలో ఆడే ఆట, ఒళ్ళంతా చెమట, అయినా ఉన్నే. 1970లో పిట్స్‌బర్గ్ జట్టు తేలికపాటి సింథటిక్ బట్టకు మారింది. మిగతా జట్లూ ఒకటొకటిగా అదే దారి పట్టాయి. నూట ఇరవై ఏళ్ళు పట్టింది! అలవాటైనదాన్ని వదలడం మనిషికి అంత కష్టం.

మన పల్లెల్లో బేస్‌బాల్ లేదు. కానీ మన దేశానికీ ఇలాంటి కథ ఒకటుంది. అది చొక్కా కథ కాదు, కాళ్ళ కథ. అందులో మన హైదరాబాదు మాస్టారు ఒకాయన ఉన్నాడు.

1948లో లండన్ ఒలింపిక్స్. స్వతంత్ర భారతదేశం ఫుట్‌బాల్ జట్టును పంపింది. కెప్టెన్ తాలిమెరెన్ ఆవ్, నాగా కొండల్లో ఒక బాప్టిస్టు పాస్టరు గారి కొడుకు. మన ఒంగోలు ప్రాంతానికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనే ఆ కొండలకూ వెళ్ళింది. ఆవ్ వైద్య విద్యార్థి కూడా. ప్రారంభోత్సవంలో మన జెండా పట్టుకుని నడిచింది ఆయనే. జూలై 31న ఫ్రాన్సుతో ఆట. ఫ్రెంచి వాళ్ళు బూట్లతో వచ్చారు. మనవాళ్ళలో ఎక్కువమంది ఉత్త కాళ్ళతో, పాదాలకు పట్టీలు చుట్టుకుని దిగారు. రెండు పెనాల్టీలు చేజారాయి. ఆఖరి నిమిషాల్లో 2-1 తేడాతో ఓడారు. అయినా చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మూడేళ్ళకు, 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి బంగారు పతకం గెలిచారు. ఉత్త కాళ్ళు మనకొక గర్వమైపోయాయి.

1952లో ఆ గర్వంతోనే హెల్సింకి వెళ్ళారు. చలి దేశం, తడి నేల. ఎదుట యుగోస్లావియా. 10-1 తేడాతో ఓడిపోయారు. ఓటమికి బూట్లు లేకపోవడం ఒక్కటే కారణం అనలేం. ఆ యుగోస్లావియా ఆ ఏడు రజత పతకం గెలిచిన జట్టు. కానీ మనవాళ్ళు సాకులు వెతకలేదు. ఆ ఓటమి తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాళ్ళందరూ బూట్లు వేసుకోవాల్సిందేనని నియమం పెట్టింది.

ఆ జట్టుకు కోచ్ హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి బడిపంతులు. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. రహీం సాబ్ పిల్లలకు ఒక చిత్రమైన పోటీ పెట్టేవాడు. ఎవరికి ఏ కాలు బలహీనమో, ఆ కాలితోనే ఆడాలి! కుడికాలి వాటం పిల్లవాడు ఎడమ కాలితోనే తన్నాలి. బంతి ఎటో పోతుంది, చూసేవాళ్ళు నవ్వుతారు. కానీ ఏడాది తిరిగేసరికి ఆ పిల్లవాడికి రెండు కాళ్ళుంటాయి.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఈసారి అందరి కాళ్ళకూ బూట్లు. జట్టులో హైదరాబాదు కుర్రాళ్ళు చాలామంది. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం అందులో ఒకడు. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశమేదీ అంతకుముందు అంత దూరం వెళ్ళలేదు. అక్కడ ఎదురొచ్చింది ఎవరనుకున్నారు? పాత పరిచయమే, యుగోస్లావియా. మొదటి గోలు మనదే. చివరికి 4-1తో ఓడాం. నాలుగో స్థానం. పది గోళ్ళు మింగించిన జట్టు ముందు, నాలుగేళ్ళకు కాసేపైనా ఆధిక్యంలో నిలబడ్డాం. ఆరేళ్ళ తర్వాత, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ ఆసియా బంగారం తెచ్చారు. అప్పటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడు జూన్‌లో ఆయన కన్నుమూశాడు.

ప్రియులారా, ఇది చదువుతుంటే మీలో కొందరికి దావీదు గుర్తొచ్చి ఉంటాడు. సౌలు ఇచ్చిన కవచం విప్పేసి, వడిసెల పట్టుకుని వెళ్ళిన దావీదు. నేనూ ఆ కథ ఎన్నిసార్లు ప్రసంగించానో! "మనకు లోకం కవచాలు వద్దు, మనం ఉన్నట్టుగానే ప్రభువు వాడుకుంటాడు" అని. అది నిజమే. కానీ ఆ దావీదే తర్వాత నోబులో యాజకుడైన అహీమెలెకు దగ్గరకు వెళ్ళి ఆయుధం అడిగాడు. అక్కడున్నది గొల్యాతు కత్తే. దాన్ని సంతోషంగా తీసుకున్నాడు. అలవాటు లేని కవచం విప్పినవాడు, ఎప్పటికీ ఏమీ నేర్చుకోనని ఒట్టు పెట్టుకోలేదు. నేను మాత్రం కథలో మొదటి సగమే పట్టుకున్నాను. నాకు అనుకూలమైన సగం.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. మూడేళ్ళుగా నాకు దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి. మా ఇంటావిడ కళ్ళజోడు పెట్టుకోమంది. "వాక్యం నా నోట్లోనే ఉంది, జోడెందుకు" అని నవ్వేశాను. దాన్నే విశ్వాసం అనుకున్నాను. మొన్న ఆగస్టులో మన సంఘంలో ఒక తల్లి భూస్థాపన జరిగింది. కాగితం మీద రాసిచ్చిన పేరు నాకు సరిగా ఆనలేదు. సమాధి దగ్గర, అందరి ముందూ, వేరే పేరుతో ప్రార్థించాను. ఆమె కూతురు నా పక్కకొచ్చి మెల్లగా, "అయ్యగారూ, అది మా పెద్దమ్మ పేరండీ" అంది. పెద్దమ్మ బతికే ఉంది, అక్కడే నిలబడి ఉంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

అయినా నాలుగు నెలలు జోడు కొనలేదు. కొంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని. అలాంటి నాతో నా స్నేహితుడు, నువ్వేం మారలేదురా అన్నాడు. వాడికి తెలియకుండానే నిజం చెప్పాడు.

జనవరి మొదటి వారంలో ఒంగోలు వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకున్నాను. తర్వాత ఆ తల్లి ఇంటికి వెళ్ళాను. వాకిట్లో మిరపకాయల గోతాలు సర్దుతున్నారు. క్షమించమని అడిగి, జోడు పెట్టుకుని, వాళ్ళ కుటుంబ బైబిల్లో రాసుకున్న ఆమె పేరు చూసి, ఆ పేరుతోనే ప్రార్థించాను. పెద్దమ్మ నవ్వి, "ఇప్పుడు నన్ను చంపలేదులే అయ్యా" అంది. అందరం నవ్వాం. కూతురు మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మనలో ప్రతి ఒక్కరికీ ఒక బలహీనమైన కాలు ఉంటుంది. ఒకరికి కోపం, ఒకరికి లెక్క చెప్పడం, ఒకరికి క్షమాపణ అడగడం. దాన్ని దాచుకుని బలమైన కాలితోనే ఆడుతూ, "నేనింతే" అని గర్వపడతాం. ఈ వారం ఒక్కసారి ఆ రెండో కాలితో తన్ని చూడండి. బంతి ఎటో పోతుంది. ఎవరో నవ్వుతారు. ఫరవాలేదు.

ఆదివారం ఆరాధనలో నేను కళ్ళజోడుతో కనబడతాను. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి.

ప్రభువు కృప మీకందరికీ తోడై ఉండును గాక. ఆమెన్.