నల్ల వైను, దిగువ ఊరి చట్టం

మాల్బెక్ అంటే అర్జెంటీనా ద్రాక్ష అని చాలా ఏళ్లు అనుకున్నాను. షాపులో ఏ సీసా తిప్పి చూసినా మెండోసా అనే ఉండేది. దాని పుట్టిల్లు నైరుతి ఫ్రాన్సులో, లోట్ నది ఒంపులో ఉన్న కాఓర్ ప్రాంతమని తర్వాత ఎప్పుడో చదివాను. మరి ఆ ఊరి పేరు మనదాకా ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న వెంట పోతే రుచుల చరిత్రకన్నా సుంకాల చరిత్రే ఎక్కువ తగిలింది.

లోట్ వెళ్లి గరోన్ నదిలో కలుస్తుంది. గరోన్ బోర్దో మీదుగా సముద్రానికి పోతుంది. కాఓర్ వైను పీపాలకి పడవ దారి అదొక్కటే. 1152లో అక్విటైన్ రాణి ఎలినోర్ పెళ్లాడిన హెన్రీ రెండేళ్లకే ఇంగ్లండు రాజయ్యాడు. దాంతో ఇంగ్లండు ఈ ప్రాంతపు వైన్లకి పెద్ద బజారు అయింది. కానీ రేవు బోర్దో వాళ్ల చేతిలో ఉంది. ఎగువ నుంచి వచ్చే వైను మొదట్లో నవంబరులో వచ్చే సెయింట్ మార్టిన్ పండగ దాకా, తర్వాత క్రిస్మస్ దాకా ఊళ్లోకి రాకూడదని రాజుల దగ్గర హక్కులు సంపాదించుకున్నారు.

కొన్ని వారాల ఆలస్యమే కదా అనిపిస్తుంది. అసలు దెబ్బంతా అక్కడే ఉంది. పీపాల్లో ఉన్న ఆ కాలపు వైను ఏడాది తిరిగేలోపు పులిసిపోయేది, కాబట్టి కొత్త వైనుకే ధర. ఓడలు శరదృతువులోనే దాన్ని నింపుకుని ఉత్తరానికి వెళ్లిపోయేవి. ఎగువ రైతు సరుకు రేవు చేరేసరికి మంచి బేరం అయిపోయేది. ఈ ఏర్పాటు 1776లో పదహారో లూయీ మంత్రి టుర్గో రద్దు చేసేదాకా, ఏదో ఒక రూపంలో, శతాబ్దాల పాటు నడిచింది.

ఇందులో ఒక తమాషా ఉంది. ద్రాక్షరసాన్ని కొంత కాచి చిక్కగా చేసే పద్ధతి వల్ల కూడా కాఓర్ వైనుకి 'నల్ల వైను' అనే పేరొచ్చింది. తమ వైను పలచగా ఉన్నప్పుడు రంగు కోసం, బలం కోసం దాన్ని కొని కలుపుకున్నవాళ్లలో బోర్దో వర్తకులూ ఉన్నారు. సరుకు పనికొచ్చింది, పేరు మాత్రం పీపా మీద మిగల్లేదు.

అలాగని తప్పంతా చట్టం మీద తోసెయ్యలేం. 19వ శతాబ్దం చివర్లో ఫిలాక్సెరా పురుగు వేళ్లు తినేసి తోటల్ని ఊడ్చిపెట్టింది. 1956 ఫిబ్రవరి మంచుకి మిగిలిన తీగల్లో చాలా భాగం చచ్చాయి. రైతులు మళ్లీ నాటారు. 1971లో కాఓర్‌కి సొంత ప్రాంతపు ముద్ర దక్కింది. ఆ పేరు పెట్టుకోవాలంటే కనీసం 70 శాతం మాల్బెక్ ఉండాలి. ఈలోగా, 1853లో మిషెల్ పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ శాస్త్రజ్ఞుడు అర్జెంటీనాకి తీసుకెళ్లిన మొక్కలు అక్కడ ఎండకి విరగకాసి, ప్రపంచానికి మాల్బెక్ పేరు నేర్పాయి.

ఇక భోజనం. ఈ వైనులో మొదట తెలిసేది వగరు. ఇంగ్లీషు పుస్తకాలు టానిన్ అంటూ పేరాలు రాస్తాయి గానీ, జామపిందె కొరికినవాడికి వేరే చెప్పక్కర్లేదు. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లని పట్టేసుకుంటాయి, నోరు పిడచకట్టుకుపోతుంది. పక్కన కొవ్వూ మాంసమూ ఉంటే ఆ పట్టు సడలుతుంది. అందుకే ఇక్కడి బాతు కాన్ఫీ దీనికి సరిజోడు. ఉప్పు పట్టించిన బాతుకాళ్లని దాని కొవ్వులోనే సన్నసెగ మీద మగ్గించి, ఆ కొవ్వులోనే ముంచి నిలవ ఉంచుతారు. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలేలా పోయడం లాంటిదే ఈ ఉపాయం. ఎగువ మెట్ట నేలల్లో మేసే గొర్రెపిల్ల మాంసమూ, అక్రోట్లూ కూడా దీనికి బాగా కుదురుతాయి.

ఏ వైనుకి ఏ వంట అని చెప్పే పట్టికల్లో ఇవన్నీ ఉంటాయి. అవి అబద్ధం చెప్పవు గానీ సగమే చెప్తాయని నా ఫిర్యాదు. బోర్దోకి ఖరీదైన భోజనాల బల్ల, కాఓర్‌కి మోటు వంట అని మనం సహజమన్నట్టు చదువుకునే తేడాలో శతాబ్దాల రేవు రాజకీయం కూడా కలిసి ఉంది.

ఆ ప్రాంతపు పల్లెల్లో షబ్రో అని ఒక పాత అలవాటుంది. గిన్నెలో చివరి సూపు ఉండగానే కాస్త ఎర్ర వైను పోసి, తిప్పి, గిన్నె ఎత్తి తాగేస్తారు, మనం కంచంలో మిగిలిన చారు ఎత్తి తాగినట్టు. పట్టికల్లో దాన్ని నేనింకా చూడలేదు.