ఓడల నీడ్చిన నావలు

మహానౌకల పేళ్లను చరిత్రకారులు శ్రద్ధతో వ్రాసియుంచిరి. ఆ నౌకలను రేవు చేర్చిన చిన్ననావలను స్మరించినవారు మాత్రము కొద్దిమంది. నడిసముద్రమున స్వేచ్ఛగా సంచరించు పెద్దయోడ రేవుముఖమున నిస్సహాయమగును. అచ్చట తావు ఇరుకు, లోతు తక్కువ. వేగము తగ్గినకొలది చుక్కాని పట్టు సడలును. అప్పుడు త్రాటితో లాగుటకును, ప్రక్కనుండి నెట్టుటకును వేరొక నావ కావలయును. దానినే టగ్గు అందురు.

ఆవిరియంత్రము రాకపూర్వము తెరచాప యోడలు అనుకూలమగు గాలికై రేవు వెలుపల దినములతరబడి కాచుకొని యుండెడివి. లేదా పడవవారు తెడ్లు వేయుచు వాని నీడ్చెడివారు. 1736లోనే జోనథన్ హల్స్ అను నాంగ్లేయుడు ఆవిరిచే లాగు పడవకు పేటెంటు పొందెను. కాని యా పనిని సఫలముగ జేసి చూపినవాడు విలియం సైమింగ్టన్. 1803లో స్కాట్లండునందు అతని 'షార్లట్ డండాస్' చెరి 70 టన్నుల బరువుగల రెండు పడవలను ఎదురుగాలిలో ఇంచుమించు 20 మైళ్లు లాగెను. చక్రపు తాకిడికి గట్లు తెగునని భయపడి కాలువ యజమానులు దానిని మూలబెట్టిరి. సైమింగ్టన్ 1831లో లండనునందు పేదరికముననే మరణించెను. అప్పటికే యితరుల టగ్గులు ఆంగ్లదేశపు నదులలో పనిచేయుచుండెను.

1805నాటి ట్రఫాల్గరు యుద్ధమున పోరాడిన 'టెమరేర్' నౌకను విరుగగొట్టుటకై 1838లో థేమ్సు నదిపై రెండు టగ్గులు లాగికొనిపోయినవి. మరుసటియేట టర్నరు ప్రదర్శించిన ప్రసిద్ధ చిత్రమున ఒక్క టగ్గే కలదు. నౌక తెల్లగా వెలుగుచుండును. టగ్గు నల్లగా నుండును. చూచువారందరు నౌకకై నిట్టూర్తురు. కొలిమిలో బొగ్గు వేయువానిని తలచువా రెవ్వరు?

వాని పని మిక్కిలి అపాయకరము. లాగుత్రాడు వెనుకనున్నంతవరకు భయము లేదు. అది ప్రక్కకు తిరిగినప్పుడు పెద్దయోడ వడిగా సాగినచో, టగ్గు క్షణములో తలక్రిందు లగును. అడుగున కొలిమికడ నున్నవారు బయటపడుట దుర్ఘటము. త్రాటిని తటాలున విడిపించు కొక్కెములు ఈ యాపదకొరకే యేర్పడినవి.

మన విశాఖపట్టణపు రేవు 1933లో తెరువబడెను. డాల్ఫిన్ కొండ ప్రక్కనున్న ఇరుకు కాలువగుండ పెద్దయోడలు నేటికిని టగ్గుల సాయముననే లోనికి వచ్చుచున్నవి. ఆవిరి పోయి డీజిలు వచ్చినను త్రాటి యపాయము తొలగలేదు.

కావున పిల్లలకు ఓడను చూపునప్పుడు దాని ముందున్న చిన్ననావనుగూడ చూపుదము. పరుల శ్రమను చూడనేర్వనివారు దానికి తగిన కూలి నిచ్చుటకును, ఆ శ్రామికుని ప్రాణమునకు రక్షణ కల్పించుటకును ఏల పూనుకొందురు?