రెండు గీతల మధ్య పాదరసం



కంప్యూటరు భాషలో పది వాక్యాలు వ్రాసి తెరమీద ఒక ఉష్ణమాపకం బొమ్మను నిలబెట్టడం ఈ రోజులలో పెద్ద విద్య కాదు. క్రింద గుండ్రని బుడ్డి, దానిమీద సన్నని గొట్టం, గొట్టంలో ఎఱ్ఱని రంగు, ప్రక్కన వరుసగా గీతలు, గీతలకు అంకెలు. రంగు మార్చుకోవచ్చు, పొడవు మార్చుకోవచ్చు. అడుగున ఏ అంక ఉండాలో, కొసన ఏ అంకె ఉండాలో కూడా ఎవరి ఇష్టం వారిది. తెలుగు పాఠాలు చెప్పుకొని విశ్రాంతి తీసుకొంటున్న నాబోటివాడికి ఈ బొమ్మతో ఏమి పని అని మీరు అడగవచ్చు. పని ఉన్నది. ఈ "ఎవరి ఇష్టం వారిది" అన్న మాట వెనుక మూడు వందల ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. అది తెలియకుండా గీసిన బొమ్మ అందంగానే ఉంటుంది గాని, చూసేవారికి నిజం చెప్పకపోవచ్చు.

ముందుగా లెక్క చూద్దాం. బొమ్మలోని రంగు ఎంత ఎత్తుకు లేవాలో ప్రోగ్రాముకు చెప్పవలసిన సూత్రం ఒక్కటే. చూపదలచిన విలువలో నుండి అడుగు గీత విలువను తీసివేయాలి. దానిని గొట్టం పొడవుతో గుణించాలి. వచ్చినదానిని పై గీతకూ అడుగు గీతకూ గల తేడాతో భాగించాలి. అంతే. ఇది మన త్రైరాశికమే. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు చెప్పిన సూత్రమిది. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో దీనికి ఒక వ్యవహారాన్నే కేటాయించినాడు. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాలలోనికి తెచ్చినవాడు మన పావులూరి మల్లన. రెండు గీతల నడిమి తేడా ప్రమాణం, గొట్టం పొడవు ఫలం, మనం చూపదలచినది ఇచ్ఛ. ఇచ్ఛాఫలమే రంగు ఎత్తు. కంప్యూటరు కొత్తది గాని లెక్క పాతదే.

ఈ లెక్కకు కావలసిన రెండు గీతలు ఎక్కడ నుండి వచ్చినవి? అసలు చరిత్ర అక్కడ ఉన్నది.

ఉష్ణదర్శిని వేరు, ఉష్ణమాపకం వేరు. దర్శిని చూపుతుంది, మాపకం కొలుస్తుంది. పదిహేడవ శతాబ్ది తొలినాళ్ళలో గలీలియో, ఆయన మిత్రవర్గం వాడినది దర్శిని. గొట్టంలో నీరు పైకీ క్రిందికీ కదిలేది. వేడి పెరిగిందో తగ్గిందో తెలిసేది గాని, ఎంత అంటే జవాబు లేదు. పాదువా నగరపు వైద్యుడు సాంతోరియో దాని ప్రక్కన అంకెల పట్టీ చేర్చినాడు. అయితే ఆ అంకెలు ఆ ఒక్క గొట్టానికి మాత్రమే చెల్లేవి.

ఫ్లోరెన్సులో మెదీచి వంశపు ప్రభువు రెండవ ఫెర్డినాండు ఆస్థానంలో 1650ల నాటికి మూతి మూసిన గాజు గొట్టాలలో ఆల్కహాలు నింపి ఉష్ణమాపకాలు చేసినారు. డిగ్రీలను గీతలుగా గీయలేదు, చిన్న చిన్న గాజు పూసలను గొట్టానికి అతికించినారు. పనివారి నేర్పు ఎటువంటిదంటే ఒకటి చూపిన అంకె మరొకటి కూడా ఇంచుమించుగా చూపేది. కాని ఆ సామ్యం పనివాని చేతిలో ఉన్నది, ప్రకృతిలోని ఏ స్థిరమైన గుర్తుకూ కట్టుబడి లేదు. ఆ పనివారు పోయినారు. 1829లో ఆ పాత పరికరాలు కొన్ని మళ్ళీ బయటపడినప్పుడు పూసలు చెక్కుచెదరక ఉన్నవి, వాటి అర్థం మాత్రం పోయింది. లిబ్రి అనే పండితుడు వాటిని కరిగే మంచులో ఉంచి, అది పదమూడున్నర డిగ్రీలకు సరిపోతున్నదని తేల్చిన తరువాతనే ఆ నాటి అంకెలు మళ్ళీ మాట్లాడినవి. లిపి మిగిలి భాష పోయిన శాసనం వంటిది ఆ ఉదంతం.

స్థిరమైన గుర్తుల కోసం వెదికినవారిలో డెన్మార్కు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు రోమర్ ముఖ్యుడు. ఆయన కొలబద్దలో నీరు మరిగేది 60 దగ్గర, మంచు కరిగేది ఏడున్నర దగ్గర. 1708లో ఆయనను కోపెన్‌హేగెనులో చూసి వచ్చిన యువకుడు ఫారెన్‌హీట్. ఆ అరలూ పాతికలూ అతనికి నచ్చలేదు. అంకెలను పెంచి, సవరించి, 1724లో ప్రకటించిన కొలబద్దలో మంచు, నీరు, నవాసాగరం కలిపిన మిశ్రమానికి సున్న, కరిగే మంచుకు 32, ఆరోగ్యవంతుని శరీరానికి 96 అని నిర్ణయించినాడు. ఈ 32, 96 వింతగా తోస్తాయి గాని పనివాని దృష్టితో చూడండి. రెండింటికీ తేడా 64. ఆ దూరాన్ని సగం, మళ్ళీ సగం, ఇలా ఆరుమార్లు చేస్తే ఒక్కొక్క డిగ్రీ గీత వచ్చేస్తుంది. ఒక వృత్తలేఖిని ఉంటే చాలు. కొలబద్ద గీసేవాని సౌకర్యమే అంకెలను ఎన్నుకొన్నది.

స్వీడనులోని ఉప్సలకు చెందిన సెల్సియస్ 1742లో వెలువరించిన వ్యాసం పేరే మన విషయానికి సరిపోతుంది: ఉష్ణమాపకంపై నిలకడ గల రెండు డిగ్రీలను గూర్చిన పరిశీలనలు. మంచు కరిగే గుర్తు నిలకడగా ఉన్నదనీ, నీరు మరిగే గుర్తు మాత్రం గాలి ఒత్తిడిని బట్టి మారుతుంది గనుక ఆ ఒత్తిడిని కూడా నిర్ణయించాలనీ ఆయన చూపినాడు. తరువాత రెండు గుర్తుల నడుమ నూరు భాగాలు చేసినాడు. అయితే ఆయన మరిగే నీటికి సున్న, కరిగే మంచుకు నూరు పెట్టినాడు! వేడి పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది. ఆయనకు ముందు డెలీల్ కూడా ఇటువంటి తలక్రిందుల కొలబద్దనే వాడినాడు. చలిదేశంలో శీతకాలమంతా ఋణసంఖ్యలు వ్రాసుకొనే బాధ దీనితో తప్పుతుంది. సెల్సియస్ 1744లో, నలభై రెండేండ్ల వయసులో, క్షయతో మరణించినాడు. 1743లోనే ఫ్రాన్సులోని లియోన్ నగరంలో క్రిస్తిన్ మంచుకు సున్న పెట్టి నూరు భాగాల మాపకం చేయించినాడు. సెల్సియస్ పోయిన తరువాత ఉప్సలలో కూడా అంకెలు తిరగబడ్డవి. నేడు ప్రపంచమంతా ఆయన పేరుతో చదివే కొలబద్ద ఆయన వ్రాసినదానికి తలక్రిందు. ఆ పేరు అధికారికంగా స్థిరపడింది 1948లో.

ప్రోగ్రాము వ్రాసేవారికి ఈ కథ కొత్తగా అనిపించకూడదు. 1984 నాటి పోస్ట్‌స్క్రిప్టు భాషలో కాగితానికి ఎడమవైపు అడుగు మూల సున్న, లెక్క పైకి పెరుగుతుంది. అందులో ఉష్ణమాపకం సహజంగా నిలబడుతుంది. 2001లో ప్రమాణంగా వెలువడిన ఎస్‌వీజీలో సున్న పై మూలన ఉంటుంది, లెక్క క్రిందికి పెరుగుతుంది. అక్కడ సూత్రాన్ని ఉన్నదున్నట్లు వ్రాస్తే రంగు పైకప్పు నుండి క్రిందికి దిగుతుంది. గొట్టం పొడవులో నుండి రంగు ఎత్తును తీసివేసి, అక్కడి నుండి రంగు మొదలుపెట్టాలి. ఉప్సలలో ఆనాడు చేసిన తీసివేతే ఇది.

ఇంకొక చిక్కు ఉన్నది. రెండు గీతలు కుదిరినంత మాత్రాన నడిమి గీతలు కుదురుతాయా? పాదరసం, ఆల్కహాలు రెండింటికీ సున్న, నూరు ఒకేచోట పెట్టి, నడుమ సమభాగాలు చేసి చూసినారు. పాదరసం 50 చూపినప్పుడు ఆల్కహాలు 44 దగ్గరే నిలిచింది. ఏ ద్రవాన్ని నమ్మాలి అన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. మన బొమ్మలోని రంగుకు ఈ బాధ లేదు, అది దేనితోనూ వ్యాకోచించదు. కాని సమదూరపు గీతలు ప్రకృతి ఇచ్చినవి కావు, మనుష్యులు వాదించి ఒప్పుకొన్నవి అని గుర్తుంచుకోవడం మంచిది.

ఇక మన ఇండ్లకు వద్దాం. మనం రెండు కొలబద్దలతోనూ కాపురం చేస్తున్నాం. ఎండ నలభై అయిదు అంటాం, అది సెల్సియస్. జ్వరం నూట రెండు అంటాం, అది ఫారెన్‌హీట్. మా మనుమరాలికి ఒకసారి ఒళ్ళు కాలిపోతూ ఉంటే పిల్లవాడు తెచ్చిన కొత్త అంకెల జ్వరమాపకం 38.9 చూపింది. మా ఆవిడ చూసి, "నలభై కూడా లేదు, నూరు దాటితే గదా జ్వరం!" అని ఊరట చెందబోయింది. కోడలు అది నూట రెండుతో సమానమమ్మా అని చెప్పి, తడిగుడ్డ తెచ్చి నుదుట వేసింది. అంకె అబద్ధం కాదు. దాని ప్రక్కన ఏ కొలబద్దో చెప్పే మాట లేదు, అంతే.

అదే 38.9ని పది అంగుళాల గొట్టంలో బొమ్మగా గీయండి. అడుగున సున్న, కొసన నూరు పెడితే రంగు 3.9 అంగుళాల వద్ద ఆగుతుంది. చూసినవారు ఫరవాలేదనుకొంటారు. అడుగున 36, కొసన 40 పెడితే అదే జ్వరం 7.25 అంగుళాలకు ఎక్కుతుంది, గుండె దడదడలాడుతుంది. బిడ్డ ఒంటివేడి రెండింటిలోనూ ఒక్కటే. మారినది మన ఇష్టం.

అందుచేత ఈ బొమ్మలు గీసే యువమిత్రులకు పండితుని మాటగా ఒకటి చెబుతాను. రంగు, నీడ, మెఱుపు తరువాత చూసుకోండి. మొదట అడుగు గీత, పై గీత అంకెలను స్పష్టంగా వ్రాయండి. ఏ కొలబద్దో పేరు వ్రాయండి. ఆ రెండు అంకెలనే ఎందుకు ఎన్నుకొన్నారో ప్రోగ్రాములో ఒక పంక్తి వ్యాఖ్యగా వ్రాసి ఉంచండి. ఫ్లోరెన్సు పనివారు ఆ ఒక్క పంక్తి వ్రాసి ఉంటే లిబ్రి తన గొట్టాలను మంచులో ముంచవలసిన పని ఉండేది కాదు.

సెలవు.