బండి లెక్క నుంచి కాటా దాకా: కొత్తపల్లె ప్రాంతంలో వంటచెరకు వ్యాపారం

నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ నది పారే నల్లరేగడి మైదానంలో, నంద్యాలనూ ఆళ్ళగడ్డనూ కలిపే సుమారు 40 కిలోమీటర్ల దారి పరిసరాల్లో ఉన్న పల్లెల్లో కొత్తపల్లె ఒకటి. ఈ పేరుగల ఊళ్ళు నంద్యాల జిల్లాలో ఒకటికి మించి ఉన్నందున ఈ మాత్రం ఆనవాలు చెప్పక తప్పదు. తూర్పున అడవి కొండలు కనిపిస్తూనే ఉన్నా, ఊరి చుట్టూ ఉన్న చేలల్లో మాత్రం మాను అరుదు. జొన్న, పత్తి, శనగ పండించే రైతు నీడ పడితే పైరు దెబ్బతింటుందని చేను నడుమ చెట్టును ఎదగనివ్వడు గనుక, ఇంటి పొయ్యికి ఆధారం ఎంతో కాలం పత్తికంప, కందికంప, జొన్నకొయ్యలు, పిడకలే. ఇవి ఇంటివారే ఏరుకొని, కొట్టుకొని తెచ్చుకొనేవి. వీటికి అంగడి లేదు. డబ్బిచ్చి కొనే కట్టె వేరు. పూటకూళ్ళ ఇళ్ళకు, పెళ్ళి వంటలకు, బొరుగుల బట్టీలకు, దహన సంస్కారాలకు ఒకే పర్యాయం ఎక్కువ మొత్తంలో, నిలకడగా మండే మొద్దు కావాలి. ఈ ప్రాంతపు కట్టెల వ్యాపారం ఇంటి పొయ్యి మీద గాక ఈ పెద్ద పొయ్యిల మీద నిలబడిందన్నది మొదటే గుర్తించవలసిన సంగతి.

ఆ మొద్దుకు తొలి ఆకరం నల్లమల. 1882లో మద్రాసు అడవుల చట్టం రావడంతో ఆ కొండల్లో చాలా భాగం రిజర్వు అడవి అయింది. అంటే చెట్టు నరకడానికీ, కట్టె తేవడానికీ, పశువులను మేపడానికీ సర్కారు అనుమతి, రుసుము తప్పనిసరి అయిన అడవి. రిజర్వులో ఏటేటా నరకడానికి గుర్తించిన విభాగాన్ని కూపు అనేవారు. ఒక కూపు నరికాక మోళ్ళు చిగిర్చి మళ్ళీ మానులయ్యేవరకు దాని జోలికి పోరాదన్నది నియమం. కూపు వేలంలో పాడుకొన్న గుత్తేదారు కట్టెను బండ్ల మీద పట్టణానికి చేర్చి అడితిలో, అనగా కలపను నిలవచేసి అమ్మే ఆవరణలో, పేర్చేవాడు. అదే కాలంలో, 1876–78 కరువు దరిమిలా తలపెట్టిన రైలుమార్గం నంద్యాల నుంచి నల్లమలను చీల్చుకొని గిద్దలూరు వైపు సాగడంతో, అడవి అంచున ఉన్న గాజులపల్లె, అడవి నడుమ ఉన్న చెలమ స్టేషన్లయ్యాయి. ఆళ్ళగడ్డ వైపు వారికి మాత్రం రైలుతో సంబంధం లేదు. అహోబిలం, రుద్రవరం దిక్కు నుంచి వచ్చే బండ్లూ, తలమోపులూ వారి పొయ్యిలను నడిపాయి. తలమోపు తెచ్చేవారు పేదలు, అందులోనూ ఎక్కువగా స్త్రీలు. చట్టం దృష్టిలో వారి మోపు తరచు నేరమే అయినా, పట్టణంలో ఇల్లు తప్పించి ఇల్లు దానిని కొనేది.

బండి లెక్కన అమ్మిన కాలంలో ధర కట్టె పరిమాణానికే గాని బరువుకు కాదు. గుంజలు పాతిన బండిలో వంకర మొద్దులను సందులు ఉండేలా పేర్చడం అమ్మేవాడి నేర్పు, ఆ సందులను కనిపెట్టి బేరం తగ్గించడం కొనేవాడి నేర్పు. అడితిలో కాటా వెలసి మణుగు లెక్క వచ్చాక సందుల మోసం పోయింది. మద్రాసు మణుగు అంటే 8 వీశెలు, 25 పౌండ్లు, నేటి లెక్కలో సుమారు 11.3 కిలోలు; 20 మణుగులైతే ఒక బారువ. అయితే తూకం కొత్త చిక్కు ఒకటి తెచ్చిపెట్టింది. అప్పుడే నరికిన మాను బరువులో దాదాపు సగం నీరే. నూటికి 45 పాళ్ళు నీరున్న 100 కిలోల పచ్చి మొద్దును, నీరు 20 పాళ్ళకు దిగేదాకా ఆరబెడితే మిగిలేది సుమారు 69 కిలోలు. తక్కిన 31 కిలోలు వ్యాపారి తరుగు కింద రాసుకోవలసిందే. ఆరబెట్టిన కట్టెను పచ్చికట్టె కన్నా కిలోకు దాదాపు 45 శాతం ఎక్కువకు అమ్మితే గాని అతనికి గిట్టుబాటు కాదు, ఆరేదాకా ఆగిన పెట్టుబడికి వడ్డీ, స్థలం బాడుగ ఇందులో చేరలేదు. కొనేవారేమో కాటా మీద కనిపించే ధరనే పోల్చి చూస్తారు. బండి లెక్కలో ఎండుకట్టె అమ్మడం వల్ల వ్యాపారికి పెద్ద నష్టం లేదు. తూకం వచ్చాక నిజాయతీకే తరుగు పడింది. కొలత మరింత కచ్చితమైన కొద్దీ సరుకు నాణ్యత పెరుగుతుందన్న నమ్మకం ఈ వ్యాపారంలో చెల్లలేదనే చెప్పాలి.

ఈ చిక్కును విడదీసింది చట్టమూ కాదు, కాటా కూడా కాదు; వాడుక. పచ్చికట్టె మంటలో ముందుగా తన నీటినే మరిగించుకొంటుంది, ఆ మేరకు వేడి గిన్నెకు అందదు, పొగ మాత్రం వంటవారి కళ్ళకు చేరుతుంది. ఐదారు వందల మందికి అన్నం వార్చవలసిన వంటమేస్త్రీకి ముహూర్తం ముందు పొగతో పేచీ పెట్టుకొనే తీరిక ఉండదు కాబట్టి, అతడు ఒకసారి నమ్మిన అడితిని వదలడు, మోసపోయిన అడితి గడప మళ్ళీ తొక్కడు. పెళ్ళివారికి కట్టె ఎక్కడ తెప్పించాలో చెప్పేవాడూ అతడే. అందువల్ల మంచి అడితిలో రెండు గుట్టలు, రెండు ధరలు నిలిచాయి. ఎండుగుట్ట తయారీకి పద్ధతి ఉంది: మొద్దును గొడ్డలి, సమ్మెటలతో పేళ్ళుగా చీల్చి, చెదలు ఎక్కకుండా అడుగున రాళ్ళు పరచి, గాలి ఆడేలా అడ్డదిడ్డంగా పేరుస్తారు. సంక్రాంతి నాటికి చీల్చిన పేళ్ళు నంద్యాల ఎండలకు జూన్ వానలలోపే చాలావరకు ఆరుతాయి. చీల్చని దుంగ లోపల మాత్రం పచ్చి మిగులుతుంది. కొస పగుళ్ళు, ఊడివచ్చే బెరడు, రెండు పేళ్ళను తట్టినప్పుడు ఖంగుమనే మోత ఎండుకు గుర్తులు. మరీ పాతబడి పుచ్చిన కట్టె తేలికగా ఉన్నా గుల్లగా మోగుతుంది; అది బూడిదకే తప్ప నిప్పుకు పనికిరాదు. జాతిని బట్టీ గిరాకీ మారుతుంది: చింత, తుమ్మ, చండ్ర మొద్దులు కణకణలాడే నిప్పును చాలాసేపు నిలుపుతాయి, వేప పొగ చేదని వంటవారు వెనుకాడతారు, మునగను కట్టెగా లెక్కించే వారే లేరు.

అడవి కట్టె తగ్గుతూ వచ్చిన తీరును త్వరగా చెప్పుకోవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువై బస్సులు సైతం బొగ్గు గ్యాసుతో నడిచినప్పుడు కట్టె మీద ఒత్తిడి పెరిగింది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం, 1990లో నంద్యాల వైపు నల్లమలలో ఏర్పడిన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఆ ఆకరాన్ని క్రమంగా మూసివేశాయి. కడప–కర్నూలు కాలువ గట్లమీదా చెరువుల్లోనూ పెరిగిన నల్లతుమ్మ కొంతకాలం లోటు పూడ్చింది. ఆ తర్వాత రంగంలోకి వచ్చింది సర్కారు తుమ్మ. ఈ విదేశీ చెట్టు చరిత్రలో ఈ ప్రాంతానికి దగ్గరి సంబంధం ఉంది: మద్రాసు అటవీ అధికారి కర్నల్ బెడ్డోమ్ వంటచెరకు కోసం దీన్ని తెప్పించాలని 1876లో ప్రభుత్వానికి రాయగా, జమైకా నుంచి వచ్చిన విత్తనాలను 1877లో పొరుగున ఉన్న కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఇప్పుడది బీళ్ళనూ వాగు గట్లనూ ఆక్రమించి రైతుకు కంటకమైంది గాని, చీల్చి ఆరబెడితే దాని నిప్పుకు వంక పెట్టేవారు లేరు. బొగ్గు కాల్చేవారికీ అదే ముడిసరుకు, పాత పద్ధతి బట్టీలో నాలుగైదు కిలోల కట్టెకు ఒక కిలో బొగ్గు దిగుతుంది. 2002 నాటి వాల్టా చట్టం, అనగా నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వచ్చిన చట్టం, పట్టా భూమిలోని చెట్టు నరకడానికి కూడా అనుమతి కావాలన్న తర్వాత, ఎవరూ కాపాడాలనుకోని ఈ కంపచెట్టే వ్యాపారికి సులువైన సరుకు అయింది.

1999 నాటి దీపం పథకం, 2016 నాటి ఉజ్వల పథకం ఇంటింటికీ గ్యాసు పొయ్యి చేర్చాయి. దీనితో కట్టెల వ్యాపారం అంతరించిందని అనుకోవడం తొందరపాటు, ఎందుకంటే గ్యాసు ముఖ్యంగా తొలగించింది ఎన్నడూ అంగడికి రాని పత్తికంపనూ పిడకనూ. డేగుల్లో బిర్యానీ వండే విందులు, బొరుగుల బట్టీలు, శ్మశానాలు పాత ఖాతాదారులుగానే మిగిలాయి. మారింది రవాణా. ఎద్దుబండి స్థానంలో ట్రాక్టరూ, చిన్న ఆటో ట్రాలీ వచ్చాయి. ఫోనులో టన్ను లెక్కన బేరం కుదిరి, వేబ్రిడ్జి చీటీతో సరుకు పందిరి దగ్గరికే చేరుతుంది. దించుడు కూలి ఎవరిదన్నది ముందే మాట్లాడుకోవాలి, శ్రావణమాసపు పెళ్ళిళ్ళకైతే వానలకు ముందే టార్పాలిన్ కింద దాచిన కట్టె కావాలని చెప్పి మరీ బయానా ఇవ్వాలి. వంటమేస్త్రీ మాత్రం ఇప్పటికీ చీటీ చూడడు; ట్రాలీలోంచి రెండు పేళ్ళు తీసి ఒకదానితో ఒకటి తట్టి విన్న తర్వాతే దించమంటాడు.