క్రోమ్ బంపర్ల సొట్ట తీత (బొబ్బిలి–సాలూరు ప్రాంతం)

క్రోమ్ పూత ఉన్న ఉక్కు బంపర్లకు, కారు ఒంటి మీది మెరుపు పట్టీలకు పడ్డ సొట్టలు తీసి, పాత ఆకారాన్నీ మెరుపునూ రప్పించే పని ఇది. ఇందులో రెండు వృత్తులున్నాయి. ఒకటి సుత్తితో లోహాన్ని సరిచేసే టింకరింగ్, రెండోది తొట్టెల్లో కరెంటు సాయంతో చేసే పూత. మొదటిది రోడ్డు పక్క షెడ్డులోనూ సాగుతుంది. రెండోది అలా సాగదు, సాగనివ్వకూడదు కూడా.

ఫ్రెంచి రసాయనవేత్త వోక్లాఁ 1797లోనే సైబీరియా నుంచి వచ్చిన ఖనిజంలో క్రోమియంను గుర్తించాడు. దాన్ని నమ్మకమైన పూతగా మార్చడానికి మాత్రం 1920లు రావలసి వచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో కాలిన్ ఫింక్, చార్లెస్ ఎల్డ్రిడ్జ్ ఆ పని సాధించారు. క్రోమిక్ ఆమ్లంలో సల్ఫేటు సుమారు నూరో వంతు ఉండేలా చూసుకోవడమే కిటుకు. అది హెచ్చినా తగ్గినా పూత సరిగా పట్టదు. అప్పటిదాకా కార్లకు నికెల్ పూతే ఉండేది. నికెల్ గాలి తగిలి మసకబారేది, క్రోమ్‌కు ఆ బెడద లేదు. 1920లు ముగిసేసరికి అమెరికా కార్ల ముందు భాగమంతా క్రోమ్‌తో తళతళలాడసాగింది.

ఆ మెరుపును మన ఊళ్లకు బాగా అలవాటు చేసింది అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర దీని తయారీ మొదలుపెట్టి, 2014లో ఆపేసింది. కలెక్టరు దగ్గర నుంచి పెళ్లివారి దాకా అందరినీ మోసిన బండి ఇది. దాని బంపరు మందమైన ఉక్కు పట్టీ, బ్రాకెట్లకు బోల్టులతో బిగించి ఉంటుంది. బోల్టులు విప్పితే ఊడి వస్తుంది. మరమ్మతు పనివాడికి అంతకన్నా కావలసిందేముంది! ప్రీమియర్ పద్మినిదీ ఇంచుమించు ఇదే వరస.

ఉత్తరాంధ్రలో ఈ పనికి పక్కనే మరో పెద్ద బడి ఉంది, అది లారీ. బొబ్బిలి నుంచి రైలు శాఖ వెళ్లే సాలూరు, విశాఖపట్నం–రాయపూర్ రహదారిపై ఒడిశా ఘాట్లకు ముందున్న ఊరు, లారీలకు పేరు మోసింది. 2022 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. లారీ బంపరుకు క్రోమ్ ఉండదు, రంగే. వంగితే గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, కొట్టి, మళ్లీ రంగు వేస్తే సరిపోతుంది. క్రోమ్ బంపరు దగ్గర ఆ అలవాటు పనికిరాదు. మంట తగిలితే పూత రంగు మారుతుంది, పగుళ్లిస్తుంది, ఒక్కోసారి పెచ్చులుగా లేస్తుంది.

అందుకే సొట్టను చల్లగానే, వెనుక నుంచే తీయాలి. బంపరును విప్పి, ముఖం కిందికి వచ్చేలా ఇసక సంచి మీదో కొయ్య దిమ్మ మీదో పెడతారు. లోతైన చోట ఒక్క దెబ్బతో పైకి లేపాలని చూడడం కొత్తవాళ్ల తొందర. అలా చేస్తే లోహం సాగి, సొట్ట పోయి బొడిపె వస్తుంది. గుద్దుకున్నప్పుడు చివరగా ముడుచుకున్న అంచును ముందు సడలించి, మొదట దెబ్బ తిన్న చోటికి ఆఖరున రావాలి. అమెరికాలో ఫ్రాంక్ సార్జెంట్ 1939 నాటి చేతిపుస్తకంలో చెప్పిన పద్ధతీ ఇదే. ఇత్తడి బిందె సొట్ట తీసే కంచరి పనివాళ్లు దాగలి మీద పాటించే క్రమమూ దీనికి దగ్గరే. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి, ఈ ప్రాంతానికి సుత్తి దెబ్బ విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఆకారం వచ్చాక ఆకురాయి నెమ్మదిగా ఆడిస్తే, గీత పడిన చోటు ఎత్తు, పడనిది పల్లం. ఇక్కడే రంగు వేసే పనికీ దీనికీ తేడా. రంగు కింద లప్పం పెట్టి పల్లాన్ని దాచవచ్చు. క్రోమ్ కింద అది కుదరదు, ఎందుకంటే లప్పం కరెంటును పారనివ్వదు. పైగా అలంకారపు క్రోమ్ పొర మందం సాధారణంగా మైక్రానులో సగానికి మించదు. దాని కింద నికెల్, చాలాసార్లు ఇంకా కింద రాగి ఉంటాయి. ఇంత పలుచని అద్దం ఏ లోపాన్నీ దాచదు, ఎత్తి చూపిస్తుంది. కనుక పాత పొరలన్నీ ఊడదీసి, బఫింగ్ చేసి, వరుసగా రాగి, నికెల్, క్రోమ్ ఎక్కించాలి. పెద్ద సొట్ట తీశాక పాత పూతనే మెరిపించి ఇస్తానన్న పనివాణ్ని నమ్మకపోవడం మంచిది.

స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీల సంగతి వేరు. వాటిలో క్రోమియం పైన కాదు, లోపలే కలిసి ఉంటుంది. వెనుక నుంచి చిన్న సుత్తితో తట్టి, ముందు వైపు అరగదీసి, బఫ్ చేస్తే పూత అక్కర్లేకుండానే మెరుపు వస్తుంది. ఆ ఉక్కుకు ముడిసరుకైన ఫెర్రోక్రోమ్ లాంటి మిశ్రలోహాల పరిశ్రమ ఈ ప్రాంతానికి చిరపరిచితం. గరివిడి దగ్గర శ్రీరామనగర్‌లో ఫ్యాకర్ సంస్థ ఫెర్రో కర్మాగారం 1950లలోనే వెలసింది. తరువాత బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోనూ ఫెర్రో కర్మాగారాలు వచ్చాయి. జింకు మిశ్రమంతో పోతపోసిన భాగాలను మాత్రం కొట్టకూడదు. విరిగి చేతికొస్తాయి.

పూత తొట్టెలోని ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం. పరిశ్రమల నుంచి కాలువల్లోకి, చెరువుల్లోకి వదిలే నీటిలో అది లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటరాదన్నది మన దేశ నియమం. ముందు దాన్ని మూడు సంయోజకతకు దించి, సున్నంతో అడుగుకు చేర్చాకే నీరు వదలాలి. సొట్ట తీసిన షెడ్డులోనే పూత కూడా వేస్తామనడం అందుకే మెచ్చదగ్గ మాట కాదు.

1972లో రెనో 5 ప్లాస్టిక్ బంపరుతో వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. ఇప్పటి కార్ల ముందు మెరిసేది చాలావరకు ప్లాస్టిక్ మీది క్రోమే. బంపరు సొట్టకు వేడి నీళ్లు పోసి లోపల నుంచి తోస్తే ప్లాస్టిక్ తిరిగి వస్తుంది కానీ, మీద క్రోమ్ ఉన్న పట్టీ నొక్కుకుంటే పూత అప్పటికే పగిలి ఉంటుంది. దాన్ని విప్పి కొత్తది బిగించడమే. సుత్తి పట్టవలసిన అవసరం పాత అంబాసిడర్లను, పద్మినులను అపురూపంగా నిలుపుకున్న యజమానుల దగ్గరే మిగిలింది.