పైచేయి సముద్రం దాటింది

1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే బయటి దేశాలకు ఒంగోలు జాతి నెల్లూరు పశువుగానే తెలిసింది. బ్రెజిల్‌లో ఇప్పటికీ దాని పేరు ‘నెలోర్’. ఒంగోలుకు 1970లో సొంత జిల్లా వచ్చినా అక్కడి పిలుపు మారలేదు.

గుండ్లకమ్మ, మూసీ నడుమ నల్లరేగడిలో లోతు దుక్కికి బలమైన ఎడ్లు కావాలి. జొన్నచొప్ప, పిల్లిపెసర మేతకు లోటు లేదు. అసలు కిటుకు మాత్రం ఆంబోతులో ఉంది. పోయిన పెద్దల పేరిట మేలైన కోడెదూడను ఎంచి, అచ్చువేసి, దేవుడి పేర వదిలేవారు. అది ఎవరి చేలో పడి మేసినా కర్ర ఎత్తేవారు కాదు. ఊరి మందకంతటికీ మంచి విత్తనం అలా ఉచితంగా అందేది. ‘అచ్చోసిన ఆంబోతు’ అంటూ ఇప్పుడు తిట్టుకుంటున్నాం గానీ, ఒంగోలు రైతుకు పైచేయి ఇచ్చింది ఆ ఆంబోతే.

ఐరోపా పశువులు బ్రెజిల్ ఎండకు, పిడుదులకు తాళలేకపోయాయి. వేలాడే చర్మం, తెల్లని వెంట్రుక ఉన్న మన జాతి తట్టుకుంది. 1878లో లెమ్‌గ్రూబర్ అనే బ్రెజిల్ రైతు జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో ఒక జతను చూసి కొనుక్కుపోయాడు. 1960ల మొదట్లో అక్కడివాళ్లు నేరుగా ఇక్కడికే వచ్చారు. ఒంగోలు పక్కనున్న కరవది నుంచి వెళ్లిన ఆంబోతుకు ఊరి పేరే పెట్టుకున్నారు. అక్కడి నెలోర్ వంశవృక్షాల్లో ‘కర్వడి’ నేటికీ పెద్ద పేరు.

వాళ్లు 1938 నుంచే జాతి పశువుల తల్లిదండ్రుల వివరాలు రిజిస్టర్లకెక్కించారు. మాంసం కోసమే ఎంపిక చేశారు. ఇక్కడ వంశం లెక్క చాలావరకు రైతు నోట్లోనే నడిచింది. ట్రాక్టరు రాగానే ఎద్దుకు పని పోయింది. సంక్రాంతి, తిరునాళ్ల బండలాగుడు పోటీలు మిగిలాయి.

2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా అమ్ముడైంది. ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. పత్రికలు మనవాళ్ల గొప్పగా రాసుకున్నాయి. నిజానికి ఆ గొప్ప పెంచినవాళ్లది.

గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం, నెల్లూరు జిల్లాలో చింతలదేవి క్షేత్రం ఈ జాతి మీద పనిచేస్తున్నాయి. మేలైన ఆవు ఉన్న రైతు దాని పుట్టుక, ఈతలు, పాల లెక్క ఈ ఏడాది నుంచైనా కాగితం మీద పెట్టాలి.